చెవిలో గొంతు మారితే

అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం హోరులో క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌కి రెండు పక్కలా చేతులు అడ్డుపెట్టుకుని వింటాడు చూడండి, ఆ వినబడేది ఏ ఎత్తు వేయాలో చెప్పే కోచ్ గొంతు. ఆ ఎత్తు మొదలెట్టడానికిచ్చే గడువు, అదే ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగలగానే రేడియో కట్. ఆపైన అతని బుర్ర, అతని అదృష్టం.

2023 ఫిబ్రవరిలో ఈగల్స్ టీమ్ సూపర్ బౌల్ ఫైనల్‌లో 38-35తో ఓడింది. రెండు రోజులకే ఆ గొంతు, షేన్ స్టైకెన్, కోల్ట్స్ టీమ్‌కి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. తర్వాత పగ్గాలందుకున్న బ్రయాన్ జాన్సన్ పరాయివాడేం కాదు, ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ని చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడు. అయినా 10-1తో దూసుకెళ్లిన టీమ్ చివరి ఆరింటిలో ఐదు పోగొట్టుకుంది. అంతకుముందు సీజన్‌లో 6 ఇంటర్‌సెప్షన్లిచ్చిన (అంటే ప్రత్యర్థి చేతికి పాస్‌లు అప్పగించిన) హర్ట్స్ ఈసారి 15 ఇచ్చాడు. డిఫెన్స్‌కీ చిల్లులు పడ్డాయనుకోండి, పాపమంతా జాన్సన్ నెత్తిన రుద్దడం నాకైతే నచ్చలేదు.

జాన్సన్‌ని సాగనంపాక, మరుసటి ఏడాది అతని స్థానంలో కెల్లెన్ మూర్ వచ్చాడు. పక్కన బార్క్లీ లాంటి పరుగుల రాక్షసుడు. సూపర్ బౌల్‌లో చీఫ్స్‌ని 40-22తో చితక్కొట్టి కప్పు ఎగరేసుకుపోయారు. సంబరాలు సద్దుమణిగాయో లేదో, మూర్ సెయింట్స్‌కి హెడ్ కోచ్‌గా చెక్కేశాడు!

గెలిస్తే పైవాళ్లు ఎత్తుకుపోతారు, ఓడితే సొంతవాళ్లే సాగనంపుతారు. హర్ట్స్‌కి 2025లో ఇంకో గొంతు, కెవిన్ పటులో.