గుమాస్తా లేని కిటికీ

మర్యాద మనుషులకే గాని మరలకెక్కడిది అంటారు కొందరు. నేను ఒప్పుకోను. గుమాస్తా కూర్చోవలసిన చోట యంత్రాన్ని కూర్చోబెట్టినప్పుడు, అతని పనితోబాటు అతని మర్యాద కూడా దానికి నేర్పవలసిందే. అలా నేర్పినవారు లేకపోలేదు.

బాంకుల్లో డబ్బిచ్చే యంత్రాన్నే తీసుకోండి. ప్రపంచంలో మొట్టమొదటిదిగా చెప్పుకొనే ఆ యంత్రాన్ని 1967 జూన్ 27న లండను ఉత్తరాన ఎన్‌ఫీల్డులో బార్‌క్లేస్ బాంకు గోడకు అమర్చారు. దాన్ని ఆలోచించిన జాన్ షెపర్డ్ బారన్ మన షిల్లాంగులో పుట్టినవాడే. రహస్య సంఖ్యకు ఆరంకెలుండాలని ఆయన అనుకున్నాడట. వంటింట్లో భార్యను అడిగితే, తనకు నాలుగంకెలకు మించి గుర్తుండవని ఆవిడ తేల్చేసింది. అంతే, నాలుగే ఖాయమయ్యాయి. ఆయన స్వయంగా చెప్పుకున్న సంగతే ఇది. జ్ఞాపకశక్తి పెంచుకోమని ఇల్లాలికి ఉపదేశం చెయ్యలేదు చూశారా! యంత్రాన్నే ఆవిడకు తగినట్లు మార్చుకున్నాడు.

మరో సంగతి. తొలిరోజుల్లో కొన్ని యంత్రాలు ముందు నోట్లిచ్చి, తరువాత కార్డు తిరిగిచ్చేవి. మనిషి వచ్చింది డబ్బుకోసం. అది చేతిలో పడగానే పని అయిపోయిందనుకుని వెళ్ళిపోయేవాడు. కార్డు అక్కడే ఉండిపోయేది. "కార్డు మరవకండి" అని బోర్డు కట్టి ఊరుకోవచ్చు. అలా కాక, కార్డు తీసుకుంటేనే నోట్లు వచ్చేటట్లు వరస మార్చారు. మరుపు మనిషికి సహజమని ఎరిగి ఏర్పాటు చేయడమంటే ఇదీ!

ఇక రెండో రకం యంత్రాలున్నాయి. మా పిన్నికి డెబ్భై ఆరేళ్ళు. బాబాయి పోయాక వచ్చే ఫామిలీ పింఛనే ఆవిడకు ఆధారం. ఒక నెల అది జమ కాలేదు. ఇంట్లో మందులు నిండుకుంటున్నాయి. ఫోను చేసింది. "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అంది అవతలి గొంతు. పిన్ని ఫోను చెవి దగ్గరనుంచి తీసి, కళ్ళజోడు సవరించుకుని, అంకెలెక్కడున్నాయో వెతుక్కునేసరికి, "మీరు ఏమీ నొక్కలేదు" అని నిష్ఠూరం. మళ్ళీ చేస్తే, "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అంది.

"నా కాలి సంగతి వాళ్ళకెవరు చెప్పారే? నేనడిగేది పింఛను గురించి గదా!" అంది పిన్ని.

నవ్వాను గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మూడు రోజులు ఆ గొంతుతో పోరాడింది ఆవిడ. ఒకటి మొదలు తొమ్మిది వరకూ జాబితా చదివే ఆ గొంతు, మనిషితో మాట్లాడాలంటే ఏది నొక్కాలో ఒక్కసారీ చెప్పలేదు. నాలుగోనాడు ఆటో ఎక్కి వెళితే, కౌంటరులోని అమ్మాయి రెండు నిమిషాల్లో తేల్చింది: "మీరు బతికున్నట్లు సర్టిఫికెట్టు అందలేదు, మామ్మగారూ!"

"ఇన్నిసార్లు మాట్లాడాను గదే, నేను బతికే ఉన్నానని దానికి తెలియలేదా?" అంది పిన్ని ఇంటికొచ్చాక. నాకు జవాబు తోచలేదు.

ఆ సర్టిఫికెట్టు విషయంలోనే ఒక మంచి ఏర్పాటు కూడా ఉంది. పింఛనుదార్లు వేలిముద్రతో దాన్ని పంపుకొనే 'జీవన్ ప్రమాణ్' పద్ధతిని కేంద్ర ప్రభుత్వం 2014 నవంబరులో తెచ్చింది. కాని ఏళ్ళతరబడి చాకిరీ చేసిన వేళ్ళమీద గీతలు అరిగిపోతాయి; యంత్రం గుర్తుపట్టలేకపోవచ్చు. 2021 నవంబరులో ముఖం చూపించి పంపుకొనే దారి కూడా తెరిచారు. ఒక తలుపు తెరుచుకోని మనిషికి మరో తలుపు చూపించడం మర్యాద కాదూ?

యంత్రాలు వద్దని నేననను. బాంకు మూసిన అర్ధరాత్రి మందులకు డబ్బిచ్చేది అవే. వాటిని తయారుచేసేవారికి నా మనవి ఒక్కటే. యంత్రాన్ని వీధిలో పెట్టేముందు మీ అమ్మనో అమ్మమ్మనో దానిముందు కూర్చోబెట్టండి. మాట సాయం చేయకుండా పక్కన నిలబడి చూడండి. ఆవిడ ఎక్కడ ఆగిపోయిందో అక్కడ దిద్దవలసింది ఆవిడను కాదు, యంత్రాన్ని. ఈ పరీక్షకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు, వంటిల్లు చాలు.