చెవులు చిల్లులుపడే ఆదివారం

ఒకటి కాదు, రెండు కాదు... ఏడు బృందాలు! మధ్యాహ్నం రెండున్నరకు మొదలైతే రాత్రి పదింటిదాకా ఆగని హోరు. ఊళ్లో హోర్డింగులు కనిపించవు. టీవీలో ప్రకటనలు రావు. అయినా హాలు నిండిపోతుంది. బెంగళూరులో హెవీ మెటల్ అభిమానులు ఏళ్లతరబడి గుట్టుగా జరుపుకుంటున్న జాతర అది. ఓ ఆదివారం అటువైపు తొంగిచూస్తే...

కోరమంగళలో ఓ వాణిజ్య భవనం. కింద మందులషాపు, దానిమీద మొబైల్ రిపేరు దుకాణం. మూడో అంతస్తులో హాలు. మధ్యాహ్నం రెండయ్యేసరికే మెట్లనిండా నల్లచొక్కాలు. ఒక్కో చొక్కామీద ఒక్కో బృందం పేరు. కానీ చదవడం ఎవరి తరమూ కాదు. అక్షరాలన్నీ మర్రిచెట్టు ఊడల్లా అల్లుకుపోయి ఉంటాయి. చదవగలిగినవాడే అభిమాని. అదో రహస్య లిపి!

తలుపు దగ్గర టిక్కెట్టు చూసి ముంజేతిమీద ముద్ర వేస్తారు. ఆ ముద్ర ఉంటే మధ్యలో బయటికెళ్లి టీ తాగి రావచ్చు. ఏడున్నర గంటల కార్యక్రమం కదా, టీ లేకపోతే ఎలా?

ఆ వరుసలో ఒకాయన మాత్రం తెల్లచొక్కాతో నిలబడి ఉన్నాడు. వయసు అరవైకి దగ్గర. ఊరు హిందూపురం, చేసేది పట్టుగూళ్ల వ్యాపారం. వంద కిలోమీటర్ల దూరంనుంచి పొద్దున రైలుకు వచ్చాడు. సాయంత్రం వాయించబోయే ఓ బృందంలో డ్రమ్మర్ ఆయన కొడుకే. వారమంతా సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, శని ఆదివారాల్లో డ్రమ్ములు. ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ మధ్య ఖాయమయ్యే దాకా వచ్చిన పెళ్లి సంబంధం ఉన్నట్టుండి వెనక్కి పోయింది. కారణం... ఫేస్‌బుక్‌లో పుర్రెబొమ్మ చొక్కాతో అబ్బాయి ఫొటో! 'అసలు అక్కడ ఏం చేస్తున్నావో నేను కళ్లారా చూడాల' అంటూ బయల్దేరాడు తండ్రి.

తెగిన వేళ్లు... వదులైన తీగలు

ఈ సంగీతం నిజంగా లోహాల మధ్యే ఊపిరి పోసుకుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కార్ఖానాల ఊరు. అక్కడ టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కొలువు మానేద్దామనుకున్న రోజునే యంత్రంలో పడి కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం. గిటారు తీగలను నొక్కిపట్టాల్సింది ఆ కుడిచేతి వేళ్లే. వేరొకరైతే గిటారును అటకెక్కించేవారు. అయోమీ ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గించుకోవడానికి తీగల బిగువు సడలించాడు. తీగ వదులైతే శ్రుతి కిందికి దిగుతుంది, ధ్వని బరువెక్కుతుంది. ఆయన బృందమే బ్లాక్ సబ్బాత్. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు వాళ్ల తొలి ఆల్బమ్ వచ్చింది. హెవీ మెటల్‌కు అదే పుట్టినరోజని చాలామంది అభిమానులు చెప్పుకొంటారు.

ఆ తర్వాత చెట్టు కొమ్మలేసింది. ఉరుకులు పరుగులతో సాగేది త్రాష్. గొంతును గుహలోంచి వచ్చే గర్జనలా మార్చేది డెత్ మెటల్. ఏనుగు నడకలా నింపాదిగా, బరువుగా సాగేది డూమ్. ఆదివారం కచేరీలో ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కొత్తవాళ్లకు తొలి గంటలో అంతా ఒకటే రొద. మూడో బృందం వచ్చేసరికి తేడాలు తెలియడం మొదలవుతుంది.

కంటోన్మెంటు నుంచి కచేరీ దాకా

మరి ఈ విత్తనం బెంగళూరులో ఎలా మొలిచింది? బ్రిటిష్ కంటోన్మెంటు, చర్చీలు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల పుణ్యమా అని పాశ్చాత్య సంగీతం ఇక్కడ ముందునుంచీ పరిచయమే. 1988లో 'మిలెనియం' అనే బృందం పుట్టింది. క్యాసెట్లను ఒకరినుంచి ఒకరు అడిగి తీసుకుని కాపీలు చేసుకునే కాలమది. 1998లో 'క్రిప్టోస్' వచ్చింది. 2013లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో వాయించిన బృందం ఇదే. వాకెన్ అంటే మెటల్ అభిమానులకు ఓ పుణ్యక్షేత్రం లాంటిది. మన కుర్రాళ్లు అక్కడ వేదికెక్కడమంటే మాటలు కాదు.

2007 మార్చి 17 ఇక్కడివాళ్లకు పండుగ తేదీ. ఆ సాయంత్రం ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 'ఐరన్ మెయిడెన్' వాయించింది. ఇంగ్లండు బృందాన్ని చూడటానికి దేశం నలుమూలలనుంచీ రైళ్లెక్కి వచ్చారు. 2011 అక్టోబరు 30న 'మెటాలికా' వచ్చింది. అంతకు రెండు రోజుల ముందు ఢిల్లీ పక్కన గుర్‌గావ్‌లో జరగాల్సిన వాళ్ల కచేరీ రద్దయింది. దాంతో అక్కడివాళ్లు కూడా కొందరు బెంగళూరుకు పరుగెత్తారు. 2012లో 'బెంగళూరు ఓపెన్ ఎయిర్' మొదలైంది.

ఈ ఊరి బృందాల్లో 'బేవార్ సీ' అని ఒకటుంది. వినడానికి ఇంగ్లిష్ పేరులా ఉంటుంది. కలిపి పలికితే... 'బేవర్సి'! కన్నడంలో ఆ మాట తిట్టే, మన 'బేవార్సు'కు తోబుట్టువే. వారసుడు లేనివాడని దాని అసలు అర్థం. పెద్దలు తిట్టే తిట్టునే బోర్డు కట్టుకున్నారన్నమాట. మనవాళ్లూ తక్కువేం తినలేదు. 2015లో మొదలైన 'గాడ్‌లెస్' డెత్ మెటల్ బృందం వేళ్లు హైదరాబాద్‌లో ఉన్నాయి. 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే ఆల్బమ్ తెచ్చింది.

ఒకే డ్రమ్ము... ఏడుగురు డ్రమ్మర్లు

మూడు కావస్తుండగా తొలి బృందం వేదికెక్కింది. ఎదురుగా ముప్పైమందికి మించి లేరు. అయినా ముప్పైవేలమంది ఉన్నట్టే వాయించారు. ముందు వాయించేవాళ్లు చిన్న బృందాలు, పొద్దుపోయాక వచ్చేవాళ్లు పేరున్నవాళ్లు. ఇది మారని పద్ధతి.

ఏడు బృందాలకూ వేదికమీద పెద్ద డ్రమ్ములు ఒక జతే. ప్రతి డ్రమ్మరూ తన స్నేర్, తాళాలు, కాలిపెడల్ మాత్రం తెచ్చుకుంటాడు. ఓ బృందం దిగి మరొకటి ఎక్కడానికి పావుగంట. ఈలోగా తీగలు మార్చడం, మైకులు సరిచూడటం. కిందికి దిగిన డ్రమ్మరే తర్వాతి డ్రమ్మరుకు స్టాండ్లు బిగించి పెడతాడు. ఇక్కడ పోటీ లేదని కాదు, కానీ అందరికీ అందరూ కావాలి. టిక్కెట్ల డబ్బు హాలు అద్దెకు, సౌండుకు పోగా మిగిలితే పంచుకుంటారు. ఆటోచార్జీలు వస్తే ఆ రోజు గట్టిగా గిట్టుబాటైనట్టే! చాలామందికి ఇది అన్నం పెట్టే పని కాదు. ఉద్యోగం పెట్టిన అన్నం తిని వచ్చి చేసే పని.

నాలుగో బృందం వచ్చేసరికి హాలు నిండింది. వేదిక ముందు జనం గుండ్రంగా విడిపోయి మధ్యలో ఖాళీ వదిలారు. పాట ఊపందుకోగానే ఆ ఖాళీలోకి దూకి ఒకరినొకరు భుజాలతో తోసుకోవడం మొదలైంది. దీన్నే మాష్ పిట్ అంటారు. దూరంనుంచి చూస్తే కొట్లాట. కానీ దానికీ ఓ కట్టుబాటుంది. ఎవరైనా కిందపడితే క్షణంలో నాలుగు చేతులు పైకి లేపుతాయి. పడిపోయిన ఫోనును, ఊడిపోయిన చెప్పును ఎవరో ఒకరు పైకెత్తి చూపిస్తారు. అద్దాలు పోగొట్టుకున్నవాడికోసం పిట్ మొత్తం ఆగిపోయి నేలమీద వెతకడమూ కద్దు.

గాల్లోకి లేచే చేతులను చూడాలి. చూపుడువేలు, చిటికెనవేలు చాచి మిగతావి ముడుస్తారు. కొమ్ముల గుర్తు. దెయ్యాన్ని పిలవడమని బయటివాళ్ల అనుమానం. దీన్ని మెటల్ లోకంలో ప్రచారం చేసిన గాయకుడు రోనీ జేమ్స్ డియో చెప్పిన సంగతి వేరు. ఇటలీ మూలాలున్న వాళ్ల నానమ్మ చెడుచూపు తగలకుండా ఆ గుర్తు చూపించేదట. మన దిష్టి తీయడం లాంటిదే!

తెల్లచొక్కా పెద్దాయన వెనకగోడకు ఆనుకుని నిలబడ్డాడు. అదిచూసి ఓ అమ్మాయి ఎక్కడినుంచో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చివేసింది. మరొకడు జేబులోంచి స్పాంజి ఇయర్‌ప్లగ్గులు తీసి 'పెట్టుకోండి అంకుల్' అని ఇచ్చాడు. ఇది మర్యాద మాత్రమే కాదు, అవసరం కూడా. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు గడిపితే చెవులకు ఎంత చేటో, 100 డెసిబెల్స్‌లో పావుగంట గడిపినా అంతే. ఇలాంటి వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం పెట్టింది. పాతకాపులంతా చెవుల్లో ప్లగ్గులతోనే కనిపిస్తారు. చెవులు రింగుమంటుంటే గొప్పగా చెప్పుకొనేది కొత్తవాళ్లే.

"ఏం పాడ్తాండాడో ఒక్క ముక్కన్నా అర్థమైతే ఒట్టు" అన్నాడాయన పక్కనున్న కుర్రాడితో. "మాకూ అంతే అంకుల్, ఇంటికెళ్లి చదువుకుంటాం" అన్నాడతను నవ్వుతూ. నిజానికి ఆ గర్జన వట్టి అరుపు కాదు. స్వరతంత్రులకు పైన ఉండే మడతలను కంపింపజేసి ఆ ధ్వని పుట్టిస్తారు. పద్ధతి తెలియకుండా అరిస్తే గొంతు పోతుంది.

వీసా వచ్చిందంటే...

ఎనిమిదింటికి ఆరో బృందం. పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. వేదికమీద వెనకవైపు, తాళాల మధ్యలో కొడుకు ముఖం సగమే కనిపిస్తోంది. తొలి పాట మొదలైంది. రెండు కాళ్లూ రెండు పెడళ్లమీద కుట్టుమిషన్ తొక్కినట్టు ఆడుతున్నాయి. నిమిషానికి రెండొందలు దాటిన లయ. చేతులది వేరే లెక్క, కాళ్లది వేరే లెక్క. ముప్పావుగంటలో మధ్యలో రెండుసార్లు మాత్రమే నీళ్లు తాగాడు.

చివరి పాటకు ముందు గాయకుడు మైకు అందుకున్నాడు. బేస్ గిటారు వాయించే మిత్రుడు వచ్చేనెల కెనడా వెళ్లిపోతున్నాడనీ, ఇప్పటికి తమ బృందానికి ఇదే ఆఖరి కచేరీ అనీ చెప్పాడు. హాలు ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. ఆ తర్వాత అందరూ కలిసి బృందం పేరు అరిచారు. తండ్రికి ఈ సంగతి అప్పటిదాకా తెలియదు. కొడుకు చెప్పలేదు.

ఈ లోకంలో బృందాల ఆయుష్షు అంతే. ఒకరికి వీసా వస్తుంది, ఒకరికి పెళ్లవుతుంది, ఒకరికి రాత్రి షిఫ్టు పడుతుంది. నాలుగేళ్లు కలిసి సాధన చేసిన పాటలు ఒక్క సంతకంతో ఆగిపోతాయి. వేదికలదీ అదే కథ. 2010లలో ఎన్నో బృందాలకు ఆసరా ఇచ్చిన ఇందిరానగర్‌లోని 'హమ్మింగ్ ట్రీ' 2019లో మూతపడింది. అందుకే ప్రతి కచేరీనీ ఇదే చివరిదన్నట్టు చూస్తారు వీళ్లు.

తొమ్మిదీ యాభైకి ఏడో బృందం ముగించింది. గడియారం చూసుకోవడానికి కారణముంది. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది దాటితే ఆరుబయట మైకు మోగకూడదు. హాల్లోపల కచేరీ అయినా బయటికి హోరు వినిపిస్తే ఇరుగుపొరుగు ఊరుకోరు. అందుకే మెటల్ కచేరీలు మిట్టమధ్యాహ్నమే మొదలవుతాయి. చీకటి సంగీతానికి ఎండవేళ ముహూర్తం!

వీధి చివర బండి దగ్గర తండ్రీ కొడుకులు నిలబడి ఇడ్లీ తిన్నారు. చాలాసేపు ఇద్దరికీ మాటల్లేవు. చెవుల్లో ఇంకా హోరు వినిపిస్తూనే ఉంది.

"కాళ్లు నొయ్యలేదేమిరా?"

"అలవాటైంది నాయనా."

"నీ తరువాత వాయించినోనికంటే నువ్వే బాగా వాయించినావులే" అన్నాడు తండ్రి, ప్లేటులోకి చూస్తూ. మళ్లీ కాసేపాగి, "ఈసారి వచ్చే సంబంధమోళ్లకు మనమే ముందుగా చెప్దాం. ఫొటోలు చూసి తెలుసుకునేది ఎందుకు?"

కొడుకు నవ్వాడు. వీపుమీది సంచిలో తాళాలు చిన్నగా మోగాయి. రేపు పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు. బృందానికి కొత్త బేస్ గిటారిస్టును వెతకాలి.

వెళ్లాలనుకుంటే...

* బెంగళూరులో ఇలాంటి కచేరీల వివరాలు ఎక్కువగా బృందాల సామాజిక మాధ్యమ పేజీల్లోనే దొరుకుతాయి. కోరమంగళ, ఇందిరానగర్ ప్రాంతాల్లో వెతకడం మేలు.
* మద్యం అమ్మే చోట అయితే వయసు పరిమితి ఉంటుంది. గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి.
* ఇయర్‌ప్లగ్గులు తప్పనిసరి. మధ్యమధ్యలో బయటికొచ్చి చెవులకు విశ్రాంతి ఇవ్వాలి.
* చెప్పులు కాదు, లేసులు గట్టిగా కట్టుకున్న బూట్లు వేసుకోవాలి. పిట్‌లోకి దిగే ఉద్దేశం లేకపోతే వెనకగోడ పక్క చోటే మంచిది.
* నచ్చిన బృందం చొక్కా కొంటే, ఆ డబ్బు నేరుగా వాళ్ల తర్వాతి రికార్డింగుకు పనికొస్తుంది.