మైసూరుసీమ చియాగింజలు – పండ్ల పాయసము

మావారు బడిపంతులగుటచే సంక్రాంతి సెలవులలో తప్ప మా యింట దూరప్రయాణము సాగదు. ఈ యేడు అత్తగారి మ్రొక్కు తీర్చుటకై నంజనగూడు శ్రీకంఠేశ్వరుని సేవించి, మైసూరున మూడు దినములు నిలిచితిమి. రాజభవనమును, చాముండికొండను గూర్చి సోదరీమణులు పలుమారు చదివియే యుందురు. వానిని విడిచి, ఆ సీమలో మేము చూచిన యొక గింజను గూర్చి వ్రాయుచున్నాము.

కపిలానదిలో స్నానమాడి మరలివచ్చుచుండగా త్రోవప్రక్క నొక చేను కనబడెను. నడుమెత్తు మొక్కలు, అచ్చముగా తులసివెన్నులవంటి వెన్నులు. ఊదారంగు పూలు వాడి, వెన్నులు గోధుమవన్నెకు తిరిగి కోతకు సిద్ధముగా నుండెను. అత్తగారు బండి నాపించి, "ఇంత తులసివనమా!" యని చేతులు జోడించిరి. చేనిలోని యిల్లాలు నవ్వి "చియా" యనెను.

అత్తగారి యూహ బొత్తిగా తప్పు కాదు. ఈ మొక్క తులసి, పుదీనాల కుటుంబములోనిదే. పుట్టినిల్లు మాత్రము మెక్సికో, గ్వాటిమాలా దేశములు. పూర్వము అచటి అస్తెకులు దీనిని ముఖ్యాహారముగా పండించి, ఏలికలకు కప్పముగా కూడ చెల్లించెడివారు. పగటిపొద్దు తగ్గిననే గాని యిది పూయదు. అందుచే వానలు వెనుకబట్టు వేళ విత్తి, చలికాలమున కోయుదురు. మైసూరున చెలువాంబ పేరిటి రాజభవనములో 1950వ సంవత్సరమున నెలకొన్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము వారు మైసూరు, చామరాజనగర జిల్లాల రైతులకు ఈ పంటను అలవరచిరి.

దేవరాజ మార్కెట్టులో అరకిలో గింజలను, నంజనగూడు రసబాళె అరటిపండ్లను కొంటిమి. ఆ పండు మెత్తదనము, పరిమళము వర్ణింప మాకు శక్తి చాలదు. వాడుతెగులు సోకి ఆ తోటలు తరిగిపోవుట విచారకరము.

చియాయు సబ్జాయు ఒకటే యని పలువురు తలంతురు, కాదు. సబ్జాలు నల్లనివి, నీట బడిన కొద్ది నిమిషములకే తెల్లని తెర కట్టును. చియా బూడిదవన్నెపై చారలు గలిగి, నునుపుగా నుండి, తీరికగా నానును. తన తూకమునకు పదింతల నీటిని పీల్చును.

ఇక పాయసము. పాలు కాచి, బాగుగా చల్లార్చవలెను. ఒక పెద్ద గ్లాసెడు పాలకు మూడు పెద్ద చెంచాల గింజలు చాలును. కలిపి, పది నిమిషములకు మరల కలుపుడు. లేనిచో అడుగున ఉండకట్టును. బెల్లము వేడిపాలలో వేసిన విరుగును గనుక చల్లారినపిదపనే వేయుడు. ఫ్రిజ్జులో నాలుగుగంటలో, రాత్రియంతయో ఉంచిన గట్టిపడును. వడ్డించునపుడు నలిపిన అరటిపండు, బొప్పాయిముక్కలు, ఏలకులపొడి కలుపుడు. పచ్చి అనాసను మాత్రము పాలలో చేర్చకుడు, చేదెక్కును. చక్కెరతో ఉడికించి చేర్చిన ఆ దోషముండదు.

మా యత్తగారికి డెబ్బదియెనిమిదేండ్లు. పండ్లూడినందున కాయగూరలు మాని, మెత్తని అన్నముతోనే ప్రొద్దుపుచ్చుచు మలబద్ధకముచే మిక్కిలి బాధపడుచుండిరి. పీచుగల వస్తువు తినిపింపుడని వైద్యుడు చెప్పి ఆరుమాసములైనను ఆమె యేదియు ముట్టరైరి. ఈ గింజలలో నూటికి ముప్పది నాలుగు పాళ్లు పీచే. తులసికి చుట్టమని తెలిసినందుననో యేమో, తొలినాడు రెండు చెంచాలు తిని, "రేపు కొంచె మెక్కువ చేయవే అమ్మాయీ" యనిరి. రెండువారములలో ఆమె బాధ చాలవరకు తగ్గినది.

అయినను పొడిగింజలను నోట వేసికొని నీరు త్రాగరాదు. అట్లు చేసిన యొకనికి గొంతు దిగువను గింజలుబ్బి అడ్డుపడిన ఉదంతమును 2014లో అమెరికా వైద్యులు వెల్లడించిరి. మ్రింగుట కష్టమగు వృద్ధులకు వైద్యుని అడుగకుండ పెట్టవలదు. తినువారు నీరు ధారాళముగా త్రాగవలెను. ఇక బరువు కరగించునని, సర్వరోగములు కుదుర్చునని అంగడివారు చేయు ప్రకటనలను మేము నమ్మము. వెల భారమైనవారు మన అవిసెలను వేయించి పొడికొట్టి వాడుకొనవచ్చును. చియాలో మెచ్చుకొనెడి ఒమేగా-3 క్రొవ్వు వానియందును మెండు.

రసబాళెపండ్లు మూడవనాటికే చెల్లినవి. ఇప్పుడు మా పెరటి చక్కెరకేళితో చేయుచున్నాము. దానిమ్మగింజలు పిల్లల గిన్నెలలో మాత్రమే వేయుదుము, అత్తగారికి నమలరావు.