పలకలు పుట్టిన కొండ

గడ్డపోతారం చుట్టుపక్కల రాయి అంటే గుండే. ఖాజీపల్లి మందుల ఫ్యాక్టరీల గోడల వెనక, జిన్నారం దారిలో, ఒకదాని మీద ఒకటిగా నిలబడ్డ బండలు కనిపిస్తాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు అది. ఉలితో కొట్టినా, మందు పెట్టి పేల్చినా దిమ్మెలుగానో కంకరగానో వస్తుంది తప్ప రేకులుగా విడిపోదు. అయినా ఇక్కడి బడుల్లో ఒకప్పుడు పిల్లలు ఓనమాలు దిద్దింది రాతి పలక మీదే. పలకకు పనికొచ్చేలా రేకులుగా విడిపోయే రాయికి తెలుగునాట పేరుపడ్డ చోటు కృష్ణకు అవతల, నల్లమల తూర్పు అంచున ఉన్న మార్కాపురం.

నల్లమల అనగానే శ్రీశైలం మల్లన్న గుర్తొస్తాడు, లేదంటే పెద్దపులి. పలక ఎవరికీ గుర్తురాదు. ఆ కొండల కథను అంతకన్నా సూటిగా చెప్పే వస్తువు మాత్రం ఇంకోటి లేదు.

ముందు ఎక్కడ ఏముందో చూద్దాం. తూర్పు కనుమల్లో భాగమైన ఈ కొండలు కృష్ణకు, పెన్నకు మధ్య ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. కృష్ణ దాటి ఉత్తరాన నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాద్ పీఠభూమి దాకా అదే అడవి. పడమటి నుంచి తూర్పుకు వెళ్తే మొదట ఎర్రమల, తర్వాత నంద్యాల ఉన్న కుందూ లోయ, ఆపైన నల్లమల, దాని అవతల కంభం లోయ, చివరికి వెలికొండలు వస్తాయి. ఎత్తు పెద్దగా ఉండదు, 1,000 మీటర్లు దాటే శిఖరం అరుదు. వయసులో మాత్రం హిమాలయాలు దీని ముందు నిన్నటి పిల్లలు. వాటి పుట్టుక మొదలై 5 కోట్ల ఏళ్లయితే, నల్లమల రాళ్లు 150 కోట్ల ఏళ్లు పైబడినవి.

అప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున ఇసుక పేరుకుంది, బురద పేరుకుంది. కాలక్రమంలో తూర్పు నుంచి పడిన ఒత్తిడికి ఆ పొరలన్నీ ఒక చివర పట్టి నెట్టిన దుప్పటిలా ముడతలు పడ్డాయి. ఇసుక క్వార్ట్‌జైట్ అయింది. అది గట్టిది, వానకు ఎండకు లొంగక శిఖరాలుగా మిగిలింది. బురద పలకరాయి అయింది. అది తొందరగా అరిగి లోయలుగా దిగిపోయింది. గట్టిరాయి మీద అడవి, మెత్తరాయి మీద ఊళ్లు వెలిశాయి. కడప, కర్నూలు రాతి పొరలన్నిటినీ వరుసపెట్టి వివరించిన మొదటి పెద్ద గ్రంథాన్ని భారత భూవిజ్ఞాన సర్వే అధికారి విలియం కింగ్ 1872లో వెలువరించారు. భూవిజ్ఞానం చదివే వాళ్లు ఇప్పటికీ అక్కడి నుంచే మొదలుపెడతారు.

పలకరాయి విచిత్రం ఒకటుంది. అది బురద పేరుకున్న వరుసలోనే విడిపోవాలని లేదు. కొండలు ముడుచుకున్నప్పుడు బురదలోని సన్నని ఖనిజాల రేకులన్నీ ఒత్తిడికి అడ్డంగా, ఒకే దిక్కుకు తిరిగి సర్దుకున్నాయి. రాయి చీలేది ఆ దిక్కుననే. పనివాడికి ఈ శాస్త్రమంతా అక్కర్లేదు, దిమ్మె పక్కభాగం చూస్తే చాలు, ఉలి ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది. దిమ్మెను అంచు మీద నిలబెట్టి, పలుచటి ఉలి ఆనించి, చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతాడు. మొదటి రెండు దెబ్బలకు ఏమీ జరిగినట్టుండదు. ఆ తర్వాత వెంట్రుకంత గీత ఒకటి అంచు పొడుగునా పాకుతుంది. ఉలిని కాస్త మెలిపెడితే రాయి రెండు రేకులవుతుంది. గనిలోంచి అప్పుడే తీసి, తడి ఆరని రాయి బాగా చీలుతుంది. ఎండిపోతే మొండికేస్తుంది. మంచి రేకును వేలితో కొడితే ఖంగుమంటుంది. లోపల పగులుంటే డొల్ల మోత వస్తుంది. అది పక్కన పడేయాల్సిందే. మిగిలిన రేకుల్ని కొలత ప్రకారం కోసి, నున్నగా అరగదీసి, చుట్టూ కర్రచట్రం బిగిస్తే బజార్లో అమ్మే పలక తయారు.

ఆ అరగదీసే దగ్గర దుమ్ము లేస్తుంది. అందులో సిలికా ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి పీల్చిన ఊపిరితిత్తులు గట్టిపడతాయి. ఫ్యాక్టరీ గాలి, నీళ్లు ఒంటి మీద ఏ లెక్క రాస్తాయో గడ్డపోతారం, పటాన్‌చెరు వైపు వాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

పిల్లల చేతికి వచ్చాక పలకది మరో జీవితం. కొత్త పలక బూడిదరంగులో ఉంటుంది. దొండాకు, బొగ్గు కలిపి పామితే నల్లగా నిగనిగలాడేది. ఉమ్మితో చెరిపితే సరస్వతికి కోపమొస్తుందని పంతులుగారు అంటుంటే, ఆయన అటు తిరగ్గానే పిల్లలంతా చేసేది అదే. తర్వాత రేకు పలకలు వచ్చాయి, ప్లాస్టిక్‌వి వచ్చాయి, పెన్సిలు, నోటుబుక్కు ఒకటో తరగతిలోకే దిగివచ్చాయి. మార్కాపురం రాయి ఇప్పుడు గోడలకు, నేలకు, విదేశాల్లో ఇళ్ల పైకప్పులకు పోతోంది. వ్యాపారంగా అది తప్పేమీ కాదు. కాకపోతే చదువుతో ముడిపడిన ఊరి పేరు ఇంటి అలంకారంతో ముడిపడటం కొంచెం చివుక్కుమనిపిస్తుంది.

ఇక చరిత్ర. నల్లమల వాననీటికి అడ్డుకట్ట వేయడం ఇక్కడివాళ్లకు పాత విద్య. గుండ్లకమ్మ మీద విజయనగర కాలం నాటి కంభం చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ గుర్తింపు దక్కింది. అదే ఏడు గుర్తింపు పొందిన పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలేమిటో అందులో చెక్కించారు. చెరువు తవ్వించే ప్రతి ఇంజినీరూ ఒకసారి చదవాల్సిన రాయి అది. 1880ల్లో రైలు వచ్చింది. నంద్యాల, గిద్దలూరు మధ్య కొండ తొలిచి బొగద వేశారు, లోయ మీద దొరబావి వంతెన కట్టారు. బ్రాడ్‌గేజ్ వచ్చాక ఆ వంతెనకు పని లేకుండాపోయింది.

అడవి లోపల చెంచులున్నారు. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లో వాళ్ల మధ్య ఉండి, 1943లో పుస్తకం వెలువరించారు. తేనె కోసం కొండచరియ మీది నుంచి తాడు పట్టుకుని దిగేటప్పుడు, పైన ఆ తాడు బావమరిది చేతిలో ఉండాలంటారు వాళ్లు. అక్క పసుపుకుంకాలు ఆ తాడు మీదే ఆధారపడి ఉన్నాయన్న సంగతి అతనికి ఒకరు చెప్పాలా? శ్రీశైలం మల్లన్న, అహోబిలం నరసింహుడు ఇద్దరూ ఈ చెంచులకు అల్లుళ్లే. 2019లో ఇక్కడ యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు జనం గట్టిగా వ్యతిరేకించారు. తెలంగాణ శాసనసభ కూడా వద్దని తీర్మానం చేసింది.

గడ్డపోతారం నుంచి వెళ్లేవాళ్లు ఔటర్ రింగురోడ్డు ఎక్కి తుక్కుగూడ దగ్గర దిగితే శ్రీశైలం రోడ్డు దొరుకుతుంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసే ఉంటుంది కాబట్టి చీకటి పడకముందే దాటేలా చూసుకోండి. దోర్నాల మీదుగా దిగి మార్కాపురం చేరితే, పిల్లల అక్షరాభ్యాసానికి ఒక రాతిపలక అడిగి కొనండి.