దారిబత్తెం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాస్టళ్లలో చదువుకుని ఇప్పుడు పీజీ చేస్తున్న ముగ్గురం మేము. పోయిన మార్చిలో పులికాట్ చూడాలని మిర్యాలగూడలో నారాయణాద్రి ఎక్కాం. తెల్లవారుజామున గూడూరులో దిగి సూళ్లూరుపేట చేరాం.

అక్కడి నుంచి శ్రీహరికోట దీవికి వెళ్లే రోడ్డు సరస్సు మధ్య నుంచే పోతుంది. దీవికి అవతల బంగాళాఖాతం, ఇవతల పులికాట్. సముద్రపు నీరు కలిసే సరస్సుల్లో చిలికా తరువాత మన దేశంలో ఇదే పెద్దది. ఎండాకాలం దగ్గరపడటంతో నీళ్లు తగ్గి బురద బయటపడింది. దూరంగా వందలాది ఫ్లెమింగోలు.

"అబ్బ! సైబీరియా పక్షులు!" అని అరిచాం. చిన్నప్పుడు విన్నది అదే మరి. పక్షుల కాపలా చూసే పెద్దాయన నవ్వాడు. ఫ్లెమింగోలు గుజరాత్‌లోని కచ్ రణ్‌లో గూళ్లు పెడతాయట. "సైబీరియాకు పోయేది ఇదిగో నాయనా" అని మా కాళ్లకు కొంచెం దూరంలో బురద పొడుస్తున్న బూడిదరంగు పిట్టను చూపాడు. చిన్న ఉల్లంకి. పిచ్చుకంత ఉంది. బరువు 20 నుంచి 40 గ్రాములు.

"గింత పిట్ట గంత దూరం ఎట్ల పోతది?" అన్నాడు మాలో ఒకడు.

"తిని పోతుంది. ఈ నెలలో ఈ బురదలోని పురుగులు తిని కొవ్వు పట్టాలి. అదే దానికి దారిబత్తెం. ఇక్కడ తిండి దొరక్కపోతే అక్కడికి చేరదు."

ఉత్తర ధ్రువం దగ్గరి మంచు నేలల్లో వేసవి రెండు నెలలే. ఆలోపే గుడ్లు పెట్టి పిల్లల్ని లేపాలి. మళ్లీ ఇటు రావాలి.

ఆ మాట విన్నాక మేము చాలాసేపు మాట్లాడుకోలేదు. ముగ్గురికీ ఒకడే గుర్తొచ్చాడు. ఇంటర్ రెండో ఏడాదిలో, మార్చి పరీక్షలకు పది రోజుల ముందు, రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని హాస్టల్ విడిచి వెళ్లిపోయిన మా స్నేహితుడు. లెక్కల్లో మా కంటే ముందుండేవాడు. ఇంట్లో అప్పు. మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీ పనికి కుదిరాడు. మేము పరీక్షల ధ్యాసలో పడి, ఎందుకు పోతున్నావురా అని కూడా అడగలేదు. హాస్టల్ అన్నం తిని మేము ఇంతదూరం వచ్చాం. వాడికి బత్తెం సగంలో ఆగిపోయింది.

తిరుగు ప్రయాణంలో మిర్యాలగూడలో దిగి వాడిని వెతుక్కుంటూ పోయాం. మెడలో తువ్వాలతో వచ్చి, చాయ్ తాగించి, డబ్బులు మమ్మల్ని ఇవ్వనీయలేదు. ఓపెన్ ఇంటర్ సంగతి చెప్పాం. ఫీజు మేము కడతామన్నాం. "చూస్త" అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు. మేమూ ఫోన్ చేస్తూనే ఉన్నాం.

తమ్ముళ్లారా, పెద్ద మాటలు చెప్పడానికి ఇది రాయలేదు. మార్చి నెలలో మీ పక్కవాడి పెట్టె కనపడకపోతే, ఆ రోజే వాడి ఊరికి బస్సెక్కండి. మాలాగా ఆరేళ్లు ఆగకండి.