రాతిలో మిగిలిన నడక

కాలిఫోర్నియాలోని రేమండ్ ఆల్ఫ్ మ్యూజియంలో రాతిపలకల మీద వరసగా పెద్ద పాదముద్రలున్నాయి. మొహావీ ఎడారిలో బార్‌స్టో దగ్గర దొరికాయి, మయోసీన్ కాలానివి. నడిచింది ఆంఫిసియోనిడ్ అయి ఉండాలని పండితుల అంచనా. అటు ఎలుగుబంటీ కాదు, ఇటు కుక్కా కాదు, ఆ వంశమే అంతరించిపోయింది.

2002లో ఆ ముద్రలకు హిర్పెక్సిపెస్ ఆల్ఫీ అని పేరు పెట్టారు. ఎముకల పేరు ఎముకలదే, అడుగుల పేరు అడుగులదే. నాకు ఈ కట్టుబాటు ఎంతో నచ్చుతుంది. ఆ జంతువు నడుస్తుండగా చూసినవాళ్లెవరూ లేరు కదా!

నడిచిందెవరో ముద్రలే చెప్పాలి. పిల్లిజాతి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. అందుకే నాలుగు వేళ్లు పడతాయి గానీ గోటి గుర్తు సాధారణంగా పడదు. ఎలుగుకు ఐదు వేళ్లు, గోళ్లూ కనిపిస్తాయి. ఇంతవరకూ తేలికే. చిక్కంతా బురదతోనే. నేల మరీ మెత్తనైతే వేళ్లు జారి ముద్ర సాగిపోతుంది. గట్టిపడితే ఒక వేలి ఆనవాలే ఉండదు. వెనకకాలు ముందుకాలి ముద్రను తొక్కిందంటే ఒకే పాదానికి ఆరేడు వేళ్లున్నట్టు కనిపిస్తుంది. ఒకే జంతువు నాలుగు అంగల్లో నాలుగు రకాల ముద్రలు వదలగలదు.

అందుకే ఒంటి ముద్రను చూసి కొత్త జాతి పేరు ప్రకటిస్తే నాకు మనసొప్పదు. ముందుకాలిదో వెనకకాలిదో తేలేదాకా ఆ పలకను పేరు లేకుండానే ఉండనివ్వాలి.