దయయు నీళ్లును

ప్రాణులయెడ దయ గలవారు లోకమున ననేకులు గలరు. ఆ దయకు తెలివి తోడైనవారు మాత్రము కొలదిమందియే. ఈ మాట నాకు గ్రంథములవలన గాక, జానెడు పొడవైన యొక జంతువువలన బోధపడినది.

అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున కాపురమున్న నా తమ్ముని యింట నొక వేసవి సెలవులు గడపితిని. పండ్రెండేండ్ల వాని కుమార్తె గాజుతొట్టిలో నొక ఆక్సొలాట్లును పెంచుచుండెను. ఇది మెక్సికో దేశపు ఉభయచరము. మన చెరువులలోని తోకకప్ప పెరిగి కప్పయై గట్టెక్కును. ఇది యట్లుగాక బాల్యరూపముతోనే పెద్దదై, సంతానమును గని, ఆయుష్కాలమంతయు నీటనే గడపును. తలకిరుప్రక్కల మూడేసి మొప్పలు వెలుపలికే నిలిచి, యెఱ్ఱని కుచ్చులతో వింజామరలవలె గదలుచుండును.

ఒకనాటి యుదయమున జూడగా నా కుచ్చులు సగమునకు బైగా రాలిపోయి, యెడమవైపు మొప్ప యొకటి మొదలంట తెగియుండెను. జంతువు మేత ముట్టక, మాటిమాటికి నీటిపైకి వచ్చి గాలి మ్రింగుచుండెను. బాలిక కంట తడి పెట్టినది.

ఇంట దలకొక యభిప్రాయము బయలుదేరెను. మా తల్లి టెలిఫోనులో సంగతి విని, "నీళ్లలో చిటికెడు పసుపు వేయండిరా, పుండు మానిపోతుంది" అనెను. మరదలు అంగడిలో దొరకు మందేదైన బోయుదమనెను. ఈ జంతువునకు కాలు తెగినను మరల మొలచునుగాన మనము చేయవలసినదేమియు లేదని తమ్ముడు తేల్చెను. మువ్వురి మాటలును దయతో గూడినవే. కాని ఉభయచరముల చర్మము మిక్కిలి పలుచన. నీట గలిసిన పదార్థములు దానిగుండ సులభముగ లోనికి బోవును. మన పుండునకు మందైనది దానికి హాని గావచ్చును. ఇక తమ్ముని మాట సగమే నిజము. మొప్పలు మొలచును, కాని చెడిన నీట మొలచిన లేతకుచ్చు ఆ నీటివలననే మరల మాడును.

"పెదనాన్నా, అసలెందుకు రాలినవో ముందు తెలుసుకోవద్దా?" అని బాలిక యడిగినది. అందరిలో సరియైన మాట యదియే.

తాపమాపకము నుంచి చూడగా నీరు 26 డిగ్రీల సెల్సియసున నుండెను. ఈ జంతువునకు 16 మొదలు 18 డిగ్రీలు హితము. 24 దాటినచో బాధ. పరీక్షలో అమోనియా పదిలక్షల పాళ్లకొక పాలు కనబడెను. అది బొత్తిగా నుండరాదు. ఒంటరిగా నున్నదని జాలిపడి బాలిక రెండు వారములక్రిందట రెండు బంగారుచేపలను తోడు విడిచియుండెను. కదలెడు కుచ్చులను పురుగులనుకొని చేపలు కొఱుకును. వాని మలమువలన అమోనియా పెరుగును. వేడినీట ప్రాణవాయువు తగ్గును. కారణములు మూడును ఒక్కచోట గూడినవి.

చేపలను వేఱు తొట్టికి మార్చితిమి. రోగిని మూతగల పెద్దపాత్రలో నీడపట్టున నుంచి, క్లోరిను తొలగించి చల్లబఱచిన క్రొత్తనీటిని ప్రతిదినము పూర్తిగా మార్చితిమి. గడ్డకట్టించిన నీటిసీసాలను వంతులవారీగా తేల్చి 17 డిగ్రీలు నిలిపితిమి. మందేదియు వేయలేదు. దూదివంటి బూజు పట్టినచో నెఱిగిన పశువైద్యునియొద్దకు గొనిపోవ నిశ్చయించుకొంటిమి. ఆ యవసరము రాలేదు.

పెద్దతొట్టినంతయు తోమి తళతళలాడించవలెనని మరదలు తలపెట్టగా బాలికయే వారించినది. అమోనియాను నైట్రైటుగను, దానిని నైట్రేటుగను మార్చు సూక్ష్మజీవులు వడపోత స్పంజిలో గాపురముండును. వానిని కడిగివేసినచో నద్దమువంటి నీరును విషమగును. కంటికి శుభ్రమైనదంతయు శుచి యని నమ్ము మడివారు వినదగిన పాఠమిది.

నాలుగవ దినమున వానపాము ముక్క తిన్నది. మూడవ వారమున తెగినచోట చిన్నమొటిమవంటి చిగురు కనబడెను. నేను తిరుగు ప్రయాణమగునాటికి కుచ్చులు ఎఱుపెక్కినవి. క్రొత్తమొప్ప తక్కినవానికంటె పొట్టిదైనను కదలుచుండెను. బాలిక దినదినము నీటి లెక్కలు వ్రాసిన పుస్తకము నాకు జూపినది. అందు కన్నీటి మచ్చలు మొదటి పుటనే గలవు.

ఈ జంతువు పుట్టినిల్లు మెక్సికోనగరపు అంచుననున్న సోచిమిల్కో కాలువలు. అచ్చట చదరపు కిలోమీటరునకు 1998లో సుమారు 6,000 ఉండగా, 2014 నాటి లెక్కలో 36 మాత్రమే తేలినవి. నగరపు మురికినీరొక కారణము. ప్రజల యాహారమునకై సదుద్దేశముతో విడిచిన కార్పు, తిలాపియా చేపలు దాని గ్రుడ్లను, పిల్లలను తినుట మఱియొకటి. బంగారుచేపల కథయే యది, పెద్దదైనది. తెగిన కాలును మొలిపించుకొనగల ప్రాణి తన కాలువను తాను బాగుచేసికొనజాలదు. అందుచే నచ్చటి రైతులును విశ్వవిద్యాలయ పండితులును గలిసి కాలువలకు అడ్డులు గట్టి, చేపలు చొరకుండ, నీరు వడగట్టి లోనికి వచ్చునట్లు చేయుచున్నారు.

సంఘమును బాగుచేయ బూనిన మనము గాయము కనబడగనే మందుకై పరువెత్తుదుము. బడిలో వెనుకబడిన పిల్లవానికి బెత్తమును, క్రుంగిన కోడలికి తాయెత్తును గట్టుదుము. వారు బ్రతుకు నీరెట్లున్నదో ముందుగా నొకసారి కొలిచిచూచుట మన యిండ్లలో నలవాటు కావలసియున్నది.